పిల్లలను పట్టుకునే పాషా

ఇద్దరు పిల్లల తండ్రి ముప్ఫై రెండేళ్ల వయసులో బీయస్సీలో చేరితే జనం ఊరుకుంటారా? నెక్కొండలో ఇమాం పాషాను చూసి నవ్వనివాడు లేడు. "ఏం పాషా, మల్ల పెండ్లి పిలగానివి అయితానవా?" అని స్టేషన్ దగ్గర టీ అమ్మే నర్సయ్య రోజూ ఆట పట్టించేవాడు. పాషా తనూ నవ్వేసి వరంగల్ రైలెక్కేవాడు. ఎవరేమనుకుంటే ఆయనకేం, ఆయన లెక్క ఆయనకుంది.

వరంగల్‌లో ఒక ప్రైవేటు నర్సింగ్ హోం. డాక్టరు రాజేశ్వర్ రావుకు పగలు వేరే కొలువు, అందుకని సాయంత్రమైతేనే తలుపులు తెరిచేవారు. అక్కడి ఎక్స్‌రే గదిలో పాషా అటెండరు. ఫిల్ములు కడగడం, ఆరబెట్టడం ఆయన పని. అన్నిటికంటే ముఖ్యమైంది పిల్లలను పట్టుకోవడం. పిల్లవాడు ఇంత కదిలినా ఫిల్ము పాడైపోతుంది మరి. ఎంత గడుగ్గాయి అయినా పాషా చేయి పడిందంటే నోరు మూసుకుని పడుకునేవాడు. "పాషా పట్టుకుంటె చాలు, మావోడు బొమ్మ లెక్క ఉంటడు" అని తల్లులు మెచ్చుకుంటుంటే ఆయన పొంగిపోయేవాడు. డాక్టరు మాత్రం గోడ వెనక నిలబడి బటను నొక్కేవాడు. పెద్దమనిషి కదా, పిల్లల ఏడుపు గిట్టదు కాబోలని పాషా అనుకున్నాడు. పదకొండేళ్లు అలాగే అనుకున్నాడు, పిచ్చి మారాజు!

ఒకనాడు ఆ డాక్టరే అన్నాడు: "ఫిజిక్స్‌తోని డిగ్రీ చెయ్యి పాషా. బటను నీకే అప్పజెప్త, టెక్నీషియన్ జీతమిస్త. రేపు సర్కారు దవాఖానల పోస్టు పడ్డా నీకు దారుంటది."

ఇక పాషా కాళ్లు నేల మీద నిలుస్తాయా? ఆయన జీతం ఫీజులకు పోయినా జాకెట్లు కుట్టి ఇల్లు నెట్టుకొస్తానంది భార్య జుబేదా. "నువ్వు సదువుకో, ఇంటి ఫికర్ నీకెందుకు" అంది. అలా చేరాడు కాలేజీలో, పగలు చదువు, సాయంత్రం మళ్లీ ఎక్స్‌రే గది. తోటి పిల్లల్లో ఒకడికి చిన్నప్పుడు మోచేయి విరిగితే, వాణ్ణి పట్టుకుని ఎక్స్‌రే తీయించింది పాషానే. ఇప్పుడు పక్క బెంచీలో కూచున్న వాణ్ణే "ఈ లెక్క జర జెప్పు బిడ్డా" అని బతిమాలుకునేవాడు. తంటాలు పడి, తల బద్దలు కొట్టుకుని, మొదటి రెండేళ్లు గట్టెక్కాడు.

ఆఖరి ఏడు. ఆ రోజు పాఠం ఎక్స్ కిరణాలు. పాషా ముందు బెంచీకి వచ్చి కూచున్నాడు. తనకు అన్నం పెట్టే మిషిన్ గురించిన పాఠం కదా! సత్యనారాయణ సారు బోర్డు మీద బొమ్మ గీశాడు, సూత్రం రాశాడు. అంతా అయ్యాక మామూలుగా ఒక మాట అన్నాడు. "మొదట్లో వీటితో పని చేసినవాళ్లు చేతులు అడ్డం పెట్టి చూసుకునేవాళ్లు. చర్మం ఎండిపోయి, గోళ్లు చీలి, పుండ్లు మానక, కొందరికి వేళ్లే తీసేయాల్సి వచ్చింది."

పాషా చేతులు డెస్కు మీద ఉన్నాయి. చర్మం గరుకుగా పగిలింది, గోళ్ల మీద నిలువు చారలు, చూపుడు వేలి మీద నెలల తరబడి మానని పుండు. ఫిల్ములు కడిగే మందు పడి అలా అయిందని ఇన్నేళ్లూ కొబ్బరినూనె రాసుకుంటున్నాడు. గభాలున చేతులు కిందికి దించేశాడు.

"సార్," అన్నాడు లేచి. "ఫిల్ము తీసుడు కాంగనే దాని దెబ్బ పోదా సార్?"

"పోదయ్యా. ఆ దెబ్బ ఒకదాని మీద ఒకటి కూడుకుంటూ పోతుంది," అన్నాడు సారు, ఎవరి గురించి అడుగుతున్నాడో తెలియక.

ఆ సాయంత్రం పాషా నర్సింగ్ హోంకు ఎలా వచ్చాడో ఆయనకే తెలియదు. గదిలో ముందు కనబడింది, ఛాతీ మీద తొడుక్కునే నల్లటి బరువైన ఏప్రాను. మిషిన్‌తో పాటే వచ్చింది. కిరణాలు దూరకుండా లోపల సీసం రేకు ఉండే ఆ ఏప్రానును, చుట్టుకుపోయిన ఫిల్ములు సాపు కావడానికి వాటి మీద బరువుగా పెట్టేవాడు! ఒక్కనాడూ తొడుక్కోలేదు. తొడుక్కోమని చెప్పినవాడూ లేడు. యా అల్లా, ఇదేం అన్యాయం!

అంతలో డాక్టరు వచ్చాడు. పాషా రెండు చేతులూ చాపి అడిగాడు. "సార్, మీకు ఎరుకేనా ఇది?"

డాక్టరు వాటిని చూశాడు. "నీకు తెలుసనుకున్న గద పాషా. సరే, పరీక్షలయ్యేదాక ఎందుకు, ఇయ్యాల్టి సంది నువ్వు గోడెనకకు వచ్చెయ్. బటను నువ్వు నొక్కు. టెక్నీషియన్ జీతం ఇయ్యాల్టి నుంచే."

మూడేళ్లుగా ఏ మాట కోసం రైళ్లెక్కాడో ఆ మాట అది. బిత్తరపోయిన పాషా గోడ వెనక్కి నడిచాడు. కాసేపట్లో బల్ల మీదికి ఎక్స్‌రేకు ఒక పసిపాప వచ్చింది, దగ్గుతూ ఏడుస్తోంది. చూస్తే, డాక్టరు అప్పుడే పిలిచి పురమాయించగా ఊడ్చే పని చేసే మల్లక్క కొంగు బిగించుకుని పాప భుజాలు పట్టుకుంది.

"ఇగ నేనే పట్టుకోవాల్నట పాషా. సారు జీతం పెంచుతా అన్నడు," అంది సంబరంగా. "కానియ్, నొక్కు."

పాషా వేలు బటను దాకా పోయి ఆగిపోయింది. చేతకాలేదు. ఒక్క ఉదుటున బయటికి వచ్చాడు.

"వద్దక్కా, ఇడువు! నా చేతులు సూడు, గట్లయితయ్ నీయి గూడ!" అని అరిచి, డాక్టరు వైపు తిరిగాడు. "సార్, గామెను పట్టుకోనియ్యకున్రి. చేతులకు సీసం తొడుగులు తెప్పియ్యిన్రి, లేకుంటె నేను బటను నొక్కను."

"తొడుగులు తెప్పిచ్చేదాక మిషిన్ బందు పెట్టుమంటవా?" డాక్టరు విసుక్కోలేదు, గొంతు పెంచలేదు. "అయితె నువ్వే పట్టుకో. కొత్తగా ఇంకొకలెందుకు? నీయి ఎట్లాగు పాడైన చేతులే."

పదకొండేళ్లు తను సార్ సార్ అని వెంట తిరిగిన మనిషేనా ఈయన అని పాషా ఆయన్ను ఎగాదిగా చూశాడు.

మల్లక్క బల్ల దగ్గరి నుంచి వచ్చి పాషా చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. ఆ గోళ్లు చూసింది, పుండు చూసింది. వెనక్కి వెళ్లి పాపను చంకనెత్తుకుని, తలుపు తీసి, బయట కూచున్న తల్లి ఒళ్లో పెట్టింది.

"సర్కారు దవాఖానకు తోలుకపో బిడ్డా," అంది. "ఈడ పట్టుకునేటోళ్లు ఎవ్వరు లేరు."