స్నానం చేయించే మనిషి

మిల్లులో సరుకు కొనేటప్పుడు నచ్చిన చీర వైపు కన్నెత్తి చూడకూడదని మా ఇంట్లో చిన్నప్పుడే నేర్పుతారు. నచ్చినదానికే వంక పెట్టాలి. అప్పుడు అమ్మేవాడు దిగివస్తాడు. సూరత్‌లో మన తెలుగువాళ్లుండే గోడాదరా పేటలో మాది తాతల నాటి చీరల దుకాణం. ఈ విద్యలో నన్ను మించినవాళ్లు లేరని నా పొగరు.

లారీ గుద్ది నడుము కింద చచ్చుబడ్డాక అమ్మే నాకు స్నానం చేయించేది. ఆమె పోయాక మా కులసంఘం పెద్ద, నేను కాకా అని పిలిచే మనిషి, సంఘం జీతమిచ్చే ఇద్దరు ఆడవాళ్లను ఒకరి తర్వాత ఒకరిని పంపి చూశాడు. మొదటామె "నీళ్లు పొయ్యన్నా అక్కా?" అని అడిగితేగానీ చెంబు ఎత్తేది కాదు. రెండో ఆమె తెల్లారకముందే వచ్చి, చెవి దగ్గర ఫోను తీయకుండానే, గుడ్డల తాను దొర్లించినట్టు నన్ను దొర్లించి పోయేది.

"ఎట్లున్నరు బిడ్డా ఇద్దరు?" అన్నాడు కాకా.

నాకు మొదటామె కావాలి. కాబట్టి వంక పెట్టాను.

"మొదటామెనా? చేతులు మొద్దు, పని మెల్లగ. ఏదో, తప్పదంటే..."

ఏ దుకాణదారుడైనా ఇక్కడ "గట్లంటవేంది, ఆమె లెక్క ఎవరు చేస్తరు" అని పొగడ్త అందుకుంటాడు. కాకా "సరే, రెండో ఆమెనే పంపుత" అని లేచిపోయాడు. అమ్మేవాడికి నాతో పని ఉంటుంది. దానం చేసేవాడికి ఏం పని? ఇంత తెలివి పెట్టుకుని నా ఒంటిని నేనే పరాయి చేతుల్లో పెట్టుకున్నాను.

సబ్బు కళ్లలో పడి "ఆగు" అంటే, "ఇంకో ఇంటికి పోవాలె" అనేది ఆమె.

కాకా తన భార్య చిన్నమ్మతో చీర కొనడానికి వచ్చిన రోజు అడిగేశాను. "కాకా, నాకు మొదటామెనే కావాలె. పొద్దెక్కినంక రావాలె." నా నోట బేరం లేకుండా వచ్చిన మొదటి మాట అదే కావచ్చు.

"ఫ్రీగ ఇస్తుంటే గిన్ని నఖరాలేంది బిడ్డా? ఎవరైతేంది, నీళ్లే కదా పోసేది!"

ఒళ్లు మండిపోయింది. చిన్నమ్మ అప్పటికే గుట్టగా చీరలు విప్పించింది. వాటిని పక్కకు తోసి, బూడిదరంగుది ఒకటి ఆమె ఒళ్లో పడేశాను.

"గిదే తీస్కో చిన్నమ్మా. ఏదైతేంది, ఒళ్లు కప్పేదే కదా."

"అగో! నేనేం కట్టాల్నో నువ్వు చెప్తవా?"

"కట్టే చీరకే నీకు గింత కోపమొస్తే, నా బట్టలిప్పే చేతులు ఎవరివో కాకా చెప్తడా?"

చిన్నమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన "మీటింగ్‌ల పెడ్త" అని గొణిగి చెప్పులు తొడుక్కున్నాడు.

నా స్నానానికి మీటింగట! మగాళ్లంతా సంఘం మేడ మీది హాల్లో చాయ్ తాగుతూ తేలుస్తారట!

"నేను గూడ వస్త. నన్ను మెట్లెక్కిస్తరో, మీరే కిందికి దిగుతరో చూస్కోండ్రి" అని వెనకనుంచి అరిచాను.

మరునాడు చీకటితోనే రెండో ఆమె వచ్చి తలుపు కొట్టింది. గడియ తీయలేదు. జిడ్డు తలతో, చెమట వాసనతో చక్రాల కుర్చీలో గల్లా ముందు కూర్చుని చీరలమ్మాను. ముక్కు మూసుకున్న ప్రతి గిరాకీకీ, ఎందుకో అక్కడ అడగమని కాకా ఇంటి దారి చూపించాను.