నేను రాసిచ్చిన ఒక్క వాక్యం

భీమవరంలో మా ప్రైవేటు స్కూల్లో ఏ కాగితం రాయాలన్నా నన్నే పిలుస్తారు. తెలుగు మాస్టార్ని కదా. ఆ పిలుపంటే నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

లెక్కల మేడం పాలకొల్లు నుంచి ప్యాసింజర్ రైల్లో వచ్చేవారు. తరచు ఆలస్యమయ్యేది. ఒకరోజు స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ, "మేడం గారు ఎప్పుడొస్తారో ఆ రైలుకే తెలియాలండి" అన్నాను. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆవిడే.

ఆ మాట కరస్పాండెంట్ గారి చెవిన పడింది. నన్ను గదిలోకి పిలిచారు.

"మీరన్నదే రెండు ముక్కలు రాసివ్వండి మాస్టారూ. ఊరికే ఫైల్లో ఉంటుంది."

రాశాను. "సదరు ఉపాధ్యాయిని విధులకు హాజరగు సమయము అనిశ్చితముగా ఉన్నది." నిజం చెప్పాలంటే, వాక్యం బాగా కుదిరిందని ముచ్చటపడి మరీ సంతకం పెట్టాను.

వారం తిరక్కుండా ఆవిడకి మెమో వచ్చింది. మూడు రోజుల్లో సరైన సంజాయిషీ ఇవ్వకపోతే ఉద్యోగం పోతుంది. అందులో నా వాక్యం ఉంది, నా పేరు లేదు. పరుగున కరస్పాండెంట్ గారి దగ్గరికి వెళ్ళాను.

"అది నవ్వులాటకి అన్నానండి."

"నవ్వులాటకని ఇందులో రాయలేదు కదండీ. మీరన్న మాటేనా, కాదా?"

అన్న మాటే. తిరిగొచ్చేసరికి మేడం మెమో పట్టుకుని నా కుర్చీ పక్కనే నిలబడి ఉన్నారు.

"నాకింత తెలుగు రాదండి. సంజాయిషీ మీరే రాసిపెట్టాలి మాస్టారూ."

తప్పించుకునే దారి లేదు. కూర్చుని, ఏం జరుగుతోందో చెప్పమన్నాను.

"మా ఆయన మేడ మెట్ల మీంచి పడ్డారండి. నాలుగు నెల్లైంది, మంచం మీదే. పక్కింటావిడ వచ్చి కూర్చునేదాకా గుమ్మం దాటలేను. ఆవిడకీ వంట, పిల్లలూ ఉంటారు కదండీ."

నా చెయ్యి అలవాటుగా "అనివార్య కుటుంబ పరిస్థితుల దృష్ట్యా" అని రాసేసింది. ఆవిడ తొంగి చూశారు.

"ఇందులో మా ఆయన లేరేంటండి?"

సిగ్గేసింది. ఆ కాగితం చింపేసి, ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాయడం మొదలుపెట్టాను. మధ్యలో ఆవిడ మెమో చూస్తూ, "ఈ ముక్క రాసినాయన ఎవరో గానీ, నన్నొక్కసారి అడిగుంటే చెప్పేదాన్ని కదండీ" అన్నారు. రాసింది నేనేనని చెప్పకుండా, తల వంచుకుని తర్వాతి వాక్యం రాశాను.

ఉద్యోగం నిలిచింది. ఉదయం మొదటి పీరియడ్ కూడా ఆవిడకి తప్పించారు.

ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్ళకి నన్ను చూపించి, "నా ఉద్యోగం నిలబడిందంటే మాస్టారు రాసిన కాగితం వల్లేనండి" అని చెబుతుంటారు. నేను అక్కడే కూర్చుని టీ తాగుతూ ఉంటాను.