దానంతటది నడిచే మిషను

కలకత్తా ఖిదిర్‌పూర్‌లో మా గదుల లైనులో బైరాగిని ఎరగనివాళ్ళు లేరు. కానీ బైరాగి పని నిజంగా ఎవరు చేస్తున్నారో ఎరిగినవాళ్ళం చాలా తక్కువ. నేను వాళ్ళ పక్క గదిలో ఉంటాను. ఓడల డాకులో గుమస్తాగా చేసి రిటైరయ్యాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మా వాళ్ళంటారు, నిజమే. అయినా ఈ ఒక్క సంగతి మాత్రం నా నోట్లోంచి ఏనాడూ బయటికి రాలేదు.

బైరాగి తండ్రి శ్రీకాకుళం పక్క నుంచి వచ్చి కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చాడు. కొడుక్కి మాత్రం చీపురు తప్పింది. డాకులకు కాస్త దూరంలో, ఎప్పుడో దొరలు వదిలిపోయిన క్లబ్బొకటి ఉంది. దాని ముందు పెద్ద పచ్చిక మైదానం. అక్కడ మాలీ పని దొరికింది. మైదానంలో గడ్డి ఎదగకుండా చూడటమే ఉద్యోగం. క్లబ్బులో ఉన్న పాత తోపుడు మిషను తుప్పు పట్టి మూలపడ్డాక కొడవలితోనే కోసేవాడు. గొంతుక్కూర్చుని ఒక చివర మొదలుపెట్టి రెండో చివరికి చేరేసరికి మొదటి చివర మళ్ళీ పెరిగి ఉండేది. దానికి ఆయన నవ్వేవాడు. "నాకు పని నేకుండా పోదు దాదా" అనేవాడు. అప్పట్లో బైరాగి బాగా నవ్వే మనిషి.

తర్వాత పక్షవాతం వచ్చింది. మరీ పడగొట్టలేదు గానీ, ఎడమ చెయ్యి పట్టు పోయింది. టీ గ్లాసు పట్టుకుంటే జారిపోయేది. ఎడమ కాలు కాస్త ఈడ్చుకుపోతుంది. సంగతి తెలిస్తే క్లబ్బువాళ్ళు తీసేస్తారు. పిల్లలు లేరు, వేరే ఆధారం లేదు, ఆ జీతం ఆగితే ఇద్దరూ రోడ్డున పడాలి. అందుకని జ్వరమని చెప్పి, కాస్త నడక రాగానే మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయాడు. వెనకాలే ఆయన భార్య సింహాచలమ్మ కూడా ఒక గోనెసంచీ పట్టుకుని వెళ్ళింది.

మా వైపు గేదెల శాలల కోసం మైదానాల్లో గడ్డి ఏరుకుపోయే ఆడవాళ్ళు ఉంటారు. ఆమె వాళ్ళలో ఒకతెలా లోపలికి వెళ్ళేది. గేటు దగ్గర దర్వాను చౌబే బీహారీ మనిషి, అన్నీ తెలిసి కూడా తల అటు తిప్పుకునేవాడు. ఆమె మొహం మీదికి ముసుగు లాక్కుని, మొగుడికి కాస్త ఎడంగా కూర్చుని చకచకా కోసేది. ఈయన కుడిచేత్తో కొడవలి ఆడిస్తూ కోస్తున్నట్టు కనిపించేవాడు. ఒక జీతానికి ఇద్దరు మనుషులు. నేల మీద కూర్చుని గడ్డి కోసేవాళ్ళ మొహాలు ఎవరూ చూడరు. అలా నాలుగైదేళ్ళు గడిచిపోయాయి.

ఇలా నడుస్తున్న సంసారం బండిని మిషను వచ్చి తిరగేసింది.

క్లబ్బు సెక్రటరీ సుబిమల్ బాబు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు తిట్టుకోవడానికైనా ఉండేది. ఒకరోజు బైరాగిని పిలిచి, "ఈ వయసులో ఇంకా కూర్చుని కోస్తావేమిటి? పెట్రోల్ మిషను కొంటున్నాం" అన్నాడు. ఫాల్గుణంలో ఒక ఆదివారం స్ట్రాండ్ రోడ్డు దుకాణంవాడు రెండు మిషన్లు వ్యానులో వేసుకొచ్చి మైదానంలో దింపాడు. ఆ సాయంత్రం ఆ రెండింటి సంగతీ బైరాగి నాకు చిన్నపిల్లాడిలా చెప్పాడు.

ఒకటి తోసేది. దాని ఇంజను బ్లేడును మాత్రమే తిప్పుతుంది. మిషను ముందుకు కదలాలంటే మనిషి రొమ్ము బలంతో తోయాలి. బరువు తక్కువ, చెట్ల మధ్యా అంచుల వెంటా ఎలా కావాలంటే అలా తిరుగుతుంది, నిలబడితే నిలబడుతుంది. రెండోదానికి ఇంజనే చక్రాలను కూడా తిప్పుతుంది. పిడి దగ్గర రెండు కడ్డీలు ఉంటాయి. ఒకటి నొక్కిపట్టుకుంటే ఇంజను ఆగకుండా ఉంటుంది, రెండోది నొక్కిపట్టుకుంటే చక్రాలు కదులుతాయి. మనిషి వెనక నడిస్తే చాలు. పెద్ద మైదానానికి ఇదే మేలని దుకాణంవాడు చెప్పాడట. సెక్రటరీకి మాత్రం తోసేదే చాలనిపించింది.

బైరాగి రెండూ నడిపి చూశాడు. తోసేదాన్ని పది బారలు తోసేసరికి కళ్ళు తిరిగాయి. దానంతటది నడిచేదాన్ని కుడిచేత్తో పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళాడు. నేల ఎండి గట్టిగా ఉంది, గడ్డి పొట్టిగా ఉంది, మలుపు దగ్గర దుకాణంవాడే మిషను తిప్పి పెట్టాడు. ఇంత కలిసొచ్చాక ఎవరికైనా ఆశ పుడుతుంది.

"ఎద్దునాగ ఎల్లిపోతాది దాదా. మనం ఎనక నడిస్తే సాలు. నాను నడవగల్ను!" అన్నాడు నాతో. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

సింహాచలమ్మ గడప దగ్గర బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "తోసీదే తీసుకో మావా" అంది.

"నా వల్ల అవుతాదేటే?"

"నాను తోస్తాను. తెల్లారగట్ల బాబులు రాకముందు నాను తోసీసి పక్కకి ఎలిపోతాను. అది మన సెప్పుసేతల్లో ఉంటాది. ఆపితే ఆగుతాది. రెండోది దాని నడకే దానిది గానీ మన నడక కాదు."

"ఆడమనిసి నిలబడి మిషను తోస్తంటే ఎవులూ సూడరనుకున్నావా? కూకుని కోసినట్టు కాదిది."

"సూస్తే సూస్తారు."

"సూస్తే పనుండదే!" అని అరిచాడు బైరాగి. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇన్నేళ్ళూ నువ్వు కోసినావు, నాను జీతం తెచ్చుకున్నాను. సిగ్గేసి సచ్చిపోతన్నాను. అదొస్తే నువ్వు ఇంటికాడ కూకోవచ్చు. ఒక్కసారి నన్ను సెయ్యనీ."

ఆ మాటకు ఏ ఆడది మాత్రం ఎదురు చెప్పగలదు? మొగుడికి తన మీద తనకు మళ్ళీ గౌరవం పుడుతోందంటే కాదనలేకపోయింది. కానీ గడ్డి కోసే మనిషి ఆమె. ఏ మిషను కావాలో తెలిసింది ఆమెకే. నాకది ఆవేళే తట్టింది, తట్టి కూడా బైరాగి మొహం చూసి ఊరుకున్నాను.

మర్నాడు బైరాగి సెక్రటరీ ముందు చేతులు జోడించాడు. క్లబ్బులో చేరిన ఇన్నేళ్ళలో ఆయన దేనికీ నోరు తెరిచి అడగలేదు. సుబిమల్ బాబు ముచ్చటపడి దానంతటది నడిచే మిషనే కొన్నాడు.

చైత్ర వైశాఖాలు బాగానే గడిచాయి. గడ్డి పెద్దగా లేదు, నేల గట్టిగా ఉంది. బైరాగి సాయంత్రాలు మా గుమ్మంలో కూర్చుని జోకులు కూడా వేసేవాడు. సింహాచలమ్మ పూర్తిగా ఇంటిపట్టున ఉన్నది మాత్రం లేదు. మైదానం ఒక పక్క కాలవలోకి వాలుగా దిగుతుంది. అక్కడికి మిషను రాదు, కొడవలితోనే కోయాలి. అందుకని సంచీ పట్టుకుని ఇంకా వెళ్తూనే ఉంది.

శ్రావణం రాగానే అసలు రంగు బయటపడింది. మోకాలెత్తు తడిగడ్డి, మెత్తని నేల. కుడిచెయ్యి ఒక్కటే రెండు కడ్డీలూ బిగబట్టాలి, దానితోనే మిషనును తిప్పాలి. నాలుగు అడుగులకు వేళ్ళు కొంకర్లు పోయేవి. పట్టు సడలగానే ఇంజను ఆగిపోయేది. మళ్ళీ తాడు లాగి లేపాలి. లాగి లాగి భుజం వాచిపోయింది. అది నడిచే వేగం కూడా ఈయన కాలికి అందదు, వెనకాల ఈడ్చుకుంటూ పోవాల్సిందే. చివరికి ఒక ఉపాయం ఆలోచించాడు. పాత చీర అంచు చింపి, రెండు కడ్డీలనూ పిడికి కట్టేయమని పెళ్ళాన్ని అడిగాడు. ఒంటిచేత్తో ముడి వేసుకోలేడు కదా.

"కట్టీసినాక ఆగమంటే ఆగుతాదేటి?" అందామె.

"నాను అగ్గిపుల్లలాటి మనిసినయిపోనాను సింహాచలం. కట్టు."

కట్టింది.

ఒక ఆదివారం క్లబ్బులో ఏదో విందు ఉందనగా, ముందురోజు శనివారం సుబిమల్ బాబు వరండాలో నిలబడి ఏర్పాట్లు చూస్తున్నాడు. రాత్రంతా వాన పడింది. బైరాగి వాలు పై అంచున మిషను నడుపుతున్నాడు. కింద కాలవ గట్టున సింహాచలమ్మ వీపు ఇటు పెట్టి కోస్తోంది. ఈయన ఎడమకాలు జారింది. బోర్లా పడ్డాడు. మనిషి పడితే ఆగాల్సిన మిషను ఆగలేదు, కట్టేసి ఉంది మరి. దాని మానాన అది వాలులోకి దిగిపోయింది. ఆ ఇంజను మోత ఆమెకు పొద్దుటినుంచీ అలవాటే. వెనక మనిషి లేడని ఎలా తెలుస్తుంది? ఈయన తేరుకుని కేక వేసేసరికి అది సగం వాలు దిగిపోయిందట. మిషను వీపుకు తగులుతుందనగా ఆ కేకకు ఆమె గిరుక్కున తిరిగి, ఆపుదామని చెయ్యి అడ్డం పెట్టింది. తడిగడ్డిలో ఆ చెయ్యి జారి మిషను కిందికి పోయింది.

చౌబే గేటు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి ఆ గుడ్డపేలిక తెంపేశాడు. ఇంజను ఆగింది. పేలికను గుప్పిట్లో దాచుకున్నాడు, మంచివాడు.

సుబిమల్ బాబు వచ్చేసరికి బైరాగి పాకుతూ ఆమె దగ్గరికి చేరాడు. ఆమె కుడిచేతిని పమిటలో చుట్టుకుని కూర్చుంది. ఏడవడం లేదు.

"ఎవరీమె? లోపల ఏం చేస్తోంది? బైరాగీ, ఈమె నీకు తెలుసా?" అని అడిగాడు సెక్రటరీ, బెంగాలీలో.

తెలుసంటే ఎందుకొచ్చిందో చెప్పాలి. ఎందుకొచ్చిందో చెబితే ఇన్నేళ్ళ గుట్టూ బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది. బైరాగి పెళ్ళాం మొహంలోకి చూడలేదు.

"ఎరగను బాబూ. గడ్డి ఏరుకునే మనిషిలా ఉంది" అన్నాడు.

సుబిమల్ బాబు తన కారులోనే ఆమెను ప్రభుత్వాసుపత్రికి పంపించాడు, చౌబేను తోడిచ్చి. బైరాగిని మాత్రం మిషను కడిగి, మిగిలిన గడ్డి పూర్తి చేయమన్నాడు. విందు ఆగదు కదా. బైరాగి కడిగాడు. ఆ నీళ్ళు ఏ రంగులో పోయాయో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

డ్యూటీ దిగాక ఆయన మా ఇంటికొచ్చి నిలబడ్డాడు. ఇద్దరం కలిసి ఆసుపత్రికి వెళ్ళాం. వరండాలో చాప మీద పడుకుని ఉంది. కుడిచేతికి బొటనవేలు, చిటికెనవేలు తప్ప మిగిలినవి తీసేశారు. బైరాగి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. నాకు వాణ్ణి చెంపదెబ్బ కొట్టాలనిపించింది, అంతలోనే కౌగిలించుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేదు.

"ఏడవకు మావా" అంది ఆమె. "మంచి పన్జేసినావు. పని నిలబడింది. ఈల్లు నా పెనిమిటి పేరడిగినారు. నానూ సెప్పనేదు."

ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

సోమవారం నుంచి బైరాగి మళ్ళీ పనిలోకి వెళ్ళాడు. బయటివాళ్ళెవరినీ లోపలికి రానివ్వొద్దని చౌబేకు గట్టి ఆర్డరు. కట్టడానికి మనిషి లేదు, ఉన్నా ఆ గుడ్డపేలిక మళ్ళీ ముట్టుకోగలడా? తాడు లాగేవాడు, కడ్డీలు బిగబట్టేవాడు, నాలుగు అడుగులకు ఇంజను ఆగేది. మళ్ళీ లాగేవాడు. వాలు పక్కకు పోనేలేదు. అక్కడ గడ్డి నడుమెత్తు పెరిగి మైదానంలోకి పాకింది. పదిమంది చూసే చోట నిలబడి, చేతగానితనాన్ని పదిసార్లు చూపించాడు. సుబిమల్ బాబు వరండాలోంచి చాలాసేపు చూసి, కిందికి దిగి వచ్చి ఆయన ఎడమచెయ్యి పట్టుకున్నాడు. అది చేతిలో వేలాడింది.

"ఎప్పటినుంచి ఇలా ఉంది?" అని అడిగాడు. ఆ చెయ్యి మెల్లగా వదిలి, "నాతో ముందే చెప్పాల్సింది కదయ్యా. గేటు దగ్గర కూర్చునే పనైనా చూసేవాణ్ణి. ఇప్పుడు ఈ ప్రమాదం తర్వాత కమిటీ ఒప్పుకోదు" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే అయి ఉంటుంది. ఆ నిజం ఎవరిక్కావాలి ఇప్పుడు? నెలాఖరుకు తీసేశారు. ఆ మిషనుతో ఇప్పుడు కంట్రాక్టరు మనిషెవరో కోస్తున్నాడు.

తీసేసిన రోజు సాయంత్రం బైరాగి వచ్చేసరికి సింహాచలమ్మ గుమ్మంలో కూర్చుని, ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకుంటోంది. నేను పక్క గుమ్మంలో ఉన్నాను. ఆయన చెప్పులు విప్పకుండానే చెప్పేశాడు.

"పని పోనాదే."

ఆమె కలుపుతున్న చెయ్యి ఆపింది. నేను ఓదార్పు మాటేదో వస్తుందనుకున్నాను. ఆసుపత్రిలో వచ్చింది కదా. ఆమె తల ఎత్తి మొగుడి మొహం చూసింది. చూస్తుండగానే ఆమె మొహంలో ఇన్నాళ్ళూ నిలబెట్టుకున్నదేదో కూలిపోయింది.

"పని ఎలాగూ పోనాది" అంది. "మరి ఆ పూట నన్నెందుకు ఎరగనన్నావు?"