ఆగని బండి

నగరంలోని ఆ పార్కులో పాత రైలింజన్లను మా పల్నాటి నాపరాతి గద్దెల మీద నిలబెట్టారు. అందులో ఒకటి మాచర్ల లైనులో నడిచినదని పలక మీద రాసి ఉంది. నల్లరంగు కొత్తగా వేశారు. పిల్లలు చక్రాల మీదికి ఎక్కి దిగుతున్నారు. నేను ఎదురుగా బల్ల మీద కూర్చున్నాను.

యుద్ధం రోజుల్లో ఇలాంటి ఇంజనే మా అమ్మను వదిలి వెళ్లిపోయింది.

గురజాల స్టేషనుకు మా ఊరు కోసెడు దూరం. లైను వేసేటప్పుడు తాతగారు అడగకముందే పొలం ఇచ్చారు. ఆ మర్యాదకు, మా గూడుబండి లేపే దుమ్ము కనిపిస్తే స్టేషన్‌మాస్టరు రైలును కదలనిచ్చేవాడు కాదు. తరవాత పొలాలు పోయాయి, మిద్దె సగం కూలింది. ఆ వాడుక మాత్రం మిగిలిందని నాన్నగారు నమ్మారు.

అమ్మకు కడుపునొప్పి ముదిరింది. ఊళ్లో వైద్యుడు వెంటనే గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకువెళ్లమన్నాడు. పెట్రోలు కరువుతో బస్సు లేదు, ఉన్నది రైలొక్కటే. నాన్నగారు తలపాగా మడతమడతా సరిచూసుకుని చుట్టుకున్నాకే బయలుదేరాం. అమ్మ తల నా ఒళ్లో ఉంది. దారిలోనే ఇంజను కూత వినిపించింది.

"అయ్యా, ఎద్దుల్ని అదిలించనా? బండొచ్చినట్టుంది," అన్నాడు బండి తోలే పెద్దాయన.

"పరిగెత్తేదేందిరా, సంతకు పోతున్నామా? ఆగుద్దిలే," అన్నారు నాన్నగారు.

అమ్మ నవ్వబోయింది. "మీ తలపాగా చూస్తే ఇంజనైనా ఆగుద్దిలెండి. ముందు తోలనీయండి."

ఆయన తోలనీయలేదు. మేము స్టేషను కంచె దగ్గరికి వచ్చేసరికి ఆఖరి పెట్టె వంపు తిరుగుతోంది.

కొత్తగా వచ్చిన స్టేషన్‌మాస్టరు చేతులు జోడించాడు. "మీరెవరో నాకు తెలవదండీ. తెలిసినా ఆపలేను. యుద్ధం రోజులు, ఉద్యోగం పోద్ది."

మళ్లీ రైలు మర్నాడే. అమ్మ ప్లాట్‌ఫారం మీద వేపచెట్టు నీడలో సాయంత్రం దాకా ఉంది. చివరికి నాన్నగారి చేయి పట్టుకుని, "ఇంకోసారి ఎటన్నా పోయేటప్పుడు కాస్త ముందే బయలుదేరండి," అంది. అదే ఆఖరి మాట.

నాన్నగారు మళ్లీ తలపాగా చుట్టుకోలేదు. మధ్యాహ్నం రైలుకు కూడా తెల్లవారగానే స్టేషనుకు చేరేవారు. వట్టి తలతో, నడుము వంచకుండా, బల్ల చివర కూర్చునేవారు. ఎవరూ ఆయనను పలకరించేవారు కాదు. దూరాన కూత వినబడితే చాలు, లేచి నిలబడేవారు.