బోర్డు మీద మొదటి పేరు

యాకుత్‌పురాలో నేను ఏడో తరగతి చదివేటప్పుడు, దసరా సెలవులకు ముందు, నా పక్కన కూర్చునే అమ్మాయి క్లాసంతా వినేలా "టీచర్, దీని తలల పేన్లున్నయ్!" అని అరిచింది. ఆ సాయంత్రమే అమ్మ, బట్టలు కత్తిరించే కత్తెరతో నడుము దాకా ఉన్న నా జడను మెడ దగ్గర కత్తిరించింది. సెలవులన్నీ పగతోనే గడిపాను.

బడి తెరిచిన రోజు ముసురు పట్టి బాగా చలి. టీచర్ నన్ను మానిటర్‌ను చేసి, మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయమని చెప్పి బయటికి వెళ్లింది. ఆ అమ్మాయి నోరే తెరవలేదు. అయినా మొదట దాని పేరే రాశాను.

"నేను మాట్లాడలే టీచర్, కసమ్!" అని, టీచర్ తిరిగి రాగానే ఒట్టేసి ఏడ్చింది.

"మాట్లాడింది టీచర్," అన్నాను.

మధ్యాహ్నం దాకా అది వరండాలో చలిగాలికి వణుకుతూ నిలబడింది. అబద్ధమాడానని నాకు తెలుసు. అయినా కిటికీలోంచి చూస్తుంటే హాయిగానే అనిపించింది.