గొంతు దాచుకున్న కంప్యూటరు

2023 ఎండాకాలం. కోడంబాక్కం రైల్వే స్టేషను వెనక సందులో నాదొక చిన్న కంప్యూటర్ సర్వీస్ షాపు. ఇళ్లలో వాడే డెస్క్‌టాప్‌లు బాగుచేయడమే నా పని. ఎన్నో మొండి యంత్రాలతో కుస్తీ పట్టాను, చాలావాటిని మరిచిపోయాను కూడా. మునిరత్నం గారి కంప్యూటరును మాత్రం మరిచిపోదామన్నా నా వల్ల కావడం లేదు.

ఆయన డబ్బింగ్ కళాకారుడు. తమిళ సినిమాలు తెలుగులోకి వచ్చినప్పుడు పోలీసులకూ రౌడీలకూ, గుంపులో అరిచేవాళ్లకూ గొంతు అరువిచ్చిన మనిషి. ఆ గొంతులోనే క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేయాలన్నారు డాక్టర్లు. ఈలోగా ఆయన మాటలు రికార్డు చేసి పెట్టుకుంటే, రేపు ఆయన టైప్ చేసినదాన్ని కంప్యూటరు ఆయన గొంతుతోనే పలుకుతుంది. దీన్ని వాయిస్ బ్యాంకింగ్ అంటారు. అందుకు వందల వాక్యాలు చదవాలి. ఆయన చదువుతుండగా కంప్యూటరు ఆగిపోతోంది.

“ఆన్ చేస్తే బాగనే ఉంటాది తమ్ముడూ. రొంబ సేపు గూడా కాదు, కొంచెం చదివేలోపలే టప్పని ఆగిపోతా ఉండాది,” అన్నారు. గొంతు అప్పటికే గరగరలాడుతోంది.

మొదట ఎస్ఎంపీఎస్ మార్చాను. కరెంటును కంప్యూటరుకు తగినట్టు మార్చి ఇచ్చే డబ్బా అది. కొన్నాళ్లు బాగుంది, మళ్లీ కథ మొదటికొచ్చింది. ర్యామ్ మార్చాను. అదీ అంతే. చివరికి షాపుకు తెచ్చి, పక్క మూత విప్పి పెట్టి రోజంతా నడిపాను. ఒక్కసారీ ఆగలేదు. మూత బిగించి ఇంటికి పంపితే మర్నాడే ఫోను. నా మీద నాకే రోత పుట్టింది.

“అన్నా, ఇప్పటిదాకా చదివినవి పెన్‌డ్రైవ్‌లో వేసి ఉంచుతాను,” అన్నాను.

ఆయన ఒప్పుకోలేదు. “సగం ట్రాక్ స్టూడియో దాటి పోకూడదు తమ్ముడూ. మా పనిలో అది మంచిది కాదు. ఇంకా కొంచెమే ఉండాది, ముగించి మొత్తంగా ఇస్తా.”

జీవితమంతా అలాగే పనిచేసిన మనిషి. ఎంత చెప్పినా నా మాట చెల్లలేదు.

ఆస్పత్రిలో చేరడానికి ముందురోజు పొద్దున ఫోను వచ్చింది, ఆన్ చేస్తే తెర మీద అసలేమీ రావడమే లేదని. ఎప్పుడూ సాయంత్రాలు వెళ్లేవాణ్ణి, ఆ రోజు ఉన్నపళంగా పరిగెత్తాను. గది నిండా పొగ. ఆయన భార్య కస్తూరి అక్క నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, ఆ ధూపాన్ని కంప్యూటరుకు చూపిస్తోంది. పెట్టె నెత్తిన అప్పుడే పెట్టిన కుంకుమ బొట్టు కూడా ఉంది.

“ఆయన గొంతు దీంట్లోనే కదా నాయినా ఉండేది! సామికి చూపించినాక రోజూ దీనికీ చూపిస్తా,” అంది.

 అక్క వంటింట్లోకి వెళ్లాక పెట్టె ముందున్న ప్లాస్టిక్ తొడుగు ఊడదీశాను. దాని వెనక సన్నని జల్లెడ ఉంటుంది, లోపలికి గాలి వెళ్లే దారి అదే. సాంబ్రాణి జిగురూ, మసీ, దుమ్మూ కలిసి దాన్ని అట్ట కట్టేశాయి. పక్క మూత తీసి ఉంచితే గాలి ఆడేది, బిగిస్తే వేడెక్కి ఆగిపోయేది. ఆ జల్లెడకు ఆనుకునే, ఆయన మాటలన్నీ దాచిన హార్డ్ డిస్క్ ఉంది. స్విచ్ వేసి చెవి ఆనిస్తే టక్ టక్ మంటోంది. వేడికి చెడిపోయిన డిస్కు చేసే చప్పుడు అది, వినగానే నాకు ఏడుపొచ్చింది.

నా ల్యాప్‌టాప్ తెస్తాను, మళ్లీ చదవండి అని బతిమాలాను. అక్కడికక్కడే ఒక వాక్యం చదివి చూశారు. సగంలోనే గొంతు ఉత్త గాలైపోయింది. జల్లెడను చేతిలోకి తీసుకుని, గోటితో గీరి వాసన చూశారు. ఆయనకు అర్థమైంది.

“కస్తూరికి చెప్పబాక తమ్ముడూ,” అన్నారు.

నేను విన్న ఆయన చివరి మాట అదే.

పాడైన డిస్కుల్లోంచి సమాచారం తోడేవాళ్లకు దాన్ని పంపాను. లోపలి పళ్లేలు గీసుకుపోయాయి, ఏమీ రాదన్నారు. ఆపరేషన్ అయి ఆయన ఇంటికి వచ్చాక ఆ సంగతి చెప్పడానికి వెళ్లాను. ఊపిరి కోసం మెడకు పెట్టిన రంధ్రం మీద గుడ్డ కట్టుకుని కుర్చీలో కూర్చున్నారు.

“ఎందువల్ల చెడిపొయ్యింది నాయినా?” అని అడిగింది అక్క.

ఆయన నా వైపే చూస్తున్నారు. “పాతదైపోయింది అక్కా,” అన్నాను.

అక్క తల అడ్డంగా ఊపింది. “కాదు. ఆస్పత్రికీ ఇంటికీ తిరగతా ఏదో ఒక పూట ధూపం ఎయ్యను మరిచిపోయింటా. నా వల్లనే.”

ఆయన చెయ్యెత్తి వద్దన్నట్టు ఊపారు. నోరు తెరిచారు. మెడ దగ్గర గుడ్డ మాత్రం కదిలింది.

లోపం ఎక్కడుందో కనుక్కుంటే సగం పని అయినట్టేనని నమ్మి ఇన్నేళ్లు ఈ వృత్తిలో బతికాను. ఆ ఇంట్లో కారణం నా చేతికి దొరికింది. నిజం చెబితే తప్పు ఆమె మీద పడుతుందని దాచాను, దాచినా ఆమె మీదే పడింది. అప్పటినుంచి ఏ ఇంటి కేసు వచ్చినా, పొద్దున పూట ఒకసారి వెళ్లి, ఆ యంత్రం చుట్టూ ఎవరేం చేస్తారో చూసి వస్తాను. ఆ ఇద్దరికీ అక్కరకు రాని పాఠం అది.