ఆయన సినిమా ఆపే చోటు

పోయిన మంగళవారం పొద్దున్నే పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెదనాన్న ప్రభువు దగ్గరికి ఎల్లిపోయినాడమ్మా," అంది.  

మలేసియాలో సుంగై సుమున్ అనే తోటలో పుట్టిన మా పెదనాన్న క్లాంగ్ పట్నంలో ఒక ఫ్యాక్టరీ యజమానికి జీవితమంతా కారు నడిపారు. ఆయనకు రెండు పిచ్చిలు. ఒకటి, ఇంట్లో ఎవరూ నిలబడి మాట్లాడకూడదు. గ్యాస్ తెచ్చినవాడికైనా ప్లాస్టిక్ కుర్చీ లాగి, మలేసియా వాళ్లు మాట చివర తగిలించే 'లా' తగిలించి, "కూకో లా, నిలబడ్డోడికి మాట రాదు," అనేవారు.

రెండో పిచ్చి ఒక పాత జపాను సినిమా. ఆదివారం చర్చి అయ్యాక మేమంతా చేరితే చాలు, అదే పెట్టేవారు. అందులో దొంగ ఒక ధనవంతుడి కొడుకు అనుకుని ఆయన డ్రైవర్ కొడుకుని ఎత్తుకుపోతాడు. అయినా డబ్బు ధనవంతుడినే ఇమ్మంటాడు. ఇస్తే ఆయన సర్వం పోతుంది, ఇవ్వకపోతే పరాయి బిడ్డ పోతాడు. సరిగ్గా అక్కడ పెదనాన్న సినిమా ఆపేసేవారు. "నువ్వయితే ఏటి సేస్తావు?"

అందరూ జవాబు చెబితేనే అన్నం. పిల్లలు సగం తమిళంలో, సగం మలయ్‌లో చెప్పినా ఓపిగ్గా వినేవారు. వంటింట్లో ఉండే పెద్దమ్మ ఒక్కతే ఎప్పుడూ తప్పించుకునేది. మరి నీ జవాబేమిటని పెదనాన్ననే అడిగితే, "నాది సెప్పేస్తే మీరూ అదే సెప్పేస్తారు. అందరూ బాస్‌నే సూస్తారు. మూల నిలబడ్డ ఆ డ్రైవర్ని సూడండి," అని నవ్వేవారు.

ఒకసారి నేను పనిచేసే ఫ్యాక్టరీలో మెషీన్ పాడైతే నింద ఒక నేపాలీ కుర్రాడి మీద పడింది. అది ముందే చెడిందని నాకు తెలుసు. చెబితే పైవాళ్లకి కోపం వచ్చి నాకు రావాల్సిన ప్రమోషన్ పోతుంది. సలహా కోసం పెదనాన్న దగ్గరికి పరిగెత్తాను. ఆయన సలహా ఇవ్వలేదు. సినిమా పెట్టి, అక్కడే ఆపి, నా మొహం చూశారు. నాకు ఒళ్లు మండింది. కానీ జవాబు చెప్పాను, మర్నాడు ఆఫీసులోనూ చెప్పాను. కుర్రాడి ఉద్యోగం నిలిచింది, నా ప్రమోషన్ పోయింది. "పోతే పోనీ లా. నిద్ర పడతందా?" అన్నారు పెదనాన్న. పట్టింది. ఆ మనిషికి నేను ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను.

సమాధి అయ్యాక ఇంట్లో ప్రార్థన ముగిసింది. ఎవరో ఆ సినిమా పెట్టారు. ఆయన ఆపే చోటు వచ్చింది. ఎవరికీ చెయ్యి లేవలేదు. పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చి, రిమోట్ తీసుకుని ఆపింది.

"ఈసారి నువ్వు చెప్పు పెద్దమ్మా," అన్నాను.

ఆమె రిమోట్‌తో తెర మూలకి చూపించింది. "నేనయితే ముందు ఆ డ్రైవర్ని కూకోబెడతాను," అంది.

పెదనాన్న కుర్చీ ఖాళీగా ఉంది. తెర మీద ఆ డ్రైవర్ ఇంకా తల వంచుకుని నిలబడే ఉన్నాడు.